చెత్తకు కాటా, పనికి టాటా

ఈమధ్య చెత్తకు పట్టిన మహర్దశ ఎవరికీ పట్టలేదు. 2021 గాంధీ జయంతికి ఒక ముఖ్యమంత్రి బెజవాడలో నాలుగు వేల పైచిలుకు చెత్త బళ్లకు జెండా ఊపారు. 2024 గాంధీ జయంతికి ఇంకో ముఖ్యమంత్రి మచిలీపట్నంలో చెత్త పన్ను ఎత్తేస్తున్నామన్నారు. 2025 మార్చి 15న స్వచ్ఛాంధ్ర పేరిట మా తణుకుకూ ఆయన వచ్చి వెళ్లారు. నా పేచీ వీళ్లతో కాదు, చెత్త పనుల టెండరు కాగితంతో.

బళ్లకు నెలకింత అద్దె అన్నారు. బండి తిరిగితే చాలు, సందులోకి వెళ్లిందా లేదా అన్నది బండి మనస్సాక్షికే వదిలేశారు. పాత గుట్టలు తవ్వి తీసే పనికేమో టన్నుకింత. అలాంటి గుట్టలు రాష్ట్రంలో 85 లక్షల టన్నులున్నాయని 2024లో సర్కారు వారి లెక్క. టన్నుల్లో బిల్లయ్యే చోట వానాకాలమే కాంట్రాక్టరుకు సంక్రాంతి. నానిన చెత్త కాటా మీద ఎంత హుందాగా కూర్చుంటుందనుకున్నారు! చెరుకు బళ్లు కాటా ఎక్కడం ఎరిగిన ఊరు మాది. చెరుకు కట్టల్లో ఆకూ అలమూ ఉంటే తూకంలో కోత పెట్టేవాళ్లు. చెత్త బండికి ఆ బెడద లేదు. చెత్తలో చెత్త కలిసిందని ఎవరు కోస్తారు?

తడి, పొడి వేరు చెయ్యమని 2016 నిబంధనలే చెప్పాయి. ఇంటింటికీ మూడు రంగుల డబ్బాలూ పంచారు. చాలా ఊళ్లలో ఇదే ముచ్చట: ఇల్లాలు అరటి తొక్కలు ఆకుపచ్చ డబ్బాలో వేసి, పాల ప్యాకెట్లు కడిగి మరీ నీలం డబ్బాలో వేస్తుంది. బండి కుర్రాడు రెండూ ఒకే తొట్టిలో బోర్లిస్తాడు. ‘‘అదేంటి బాబూ, వేరు చేసిచ్చాను కదా?’’ అంటే, ‘‘వెళ్లేది ఒక చోటికే కదండీ’’ అంటాడు. వాణ్ణి తిట్టి లాభం లేదు. వాడికి అప్పగించిన బండిలో రెండో తొట్టి లేదు.

‘పాత పేపర్లు, ఇనప సామాన్లు కొంటాం’ అని కేకేసుకుంటూ వచ్చే సైకిలాయన మాత్రం అట్ట వేరు, సీసా వేరు, ఇనుము వేరు తూచి మనకే ఎదురు డబ్బిస్తాడు. ఆయన టెండరు వెయ్యలేడు. ధరావతు కట్టాలి, మూడేళ్ల ఆడిట్ లెక్కలు చూపాలి. అనుభవం బోలెడుంది గానీ దానికి ధ్రువపత్రం లేదు.

ఒక్క షరతు మార్చి చూడండి. బండి అద్దెకూ, గుట్ట నుంచి తవ్వి తీసిన టన్నుకూ కాదు, గుట్టకు చేరకుండా ఆపిన టన్నుకు డబ్బిస్తామనండి. కొలిచేదెలా అంటారా? అమ్మిన అట్టకీ ప్లాస్టిక్‌కీ రసీదు ఉంటుంది కదా. మర్నాడు తెల్లారేసరికి పెద్ద పెద్ద కాంట్రాక్టర్లు సైకిలాయన గుమ్మంలో నిలబడి, ‘‘బాబాయ్, ఆ తక్కెడ ఎంతకిస్తావ్?’’ అని బేరమాడుతుంటారు.