సిక్స్‌ప్యాక్ చరిత్ర

మా వీధి జిమ్‌లో ట్రెడ్‌మిల్ ఎదురుగా గోడంతా ఒకటే బొమ్మ. ఎర్రటి ఉత్తరీయం, తలమీద కంచు శిరస్త్రాణం, చేతిలో గుండ్రటి డాలు, మొలకి గోచీ. మిగతా జాగా అంతా పొట్ట కండలదే. కింద ‘స్పార్టా’ అని రాసుంది. అసలు పాతకాలం గ్రీసులో స్పార్టావాడు యుద్ధానికి వెళ్తే ఛాతీకి కవచం కట్టుకునే వెళ్లేవాడు. కానీ కవచం తొడిగితే నెల ఫీజు కట్టేదెవరు?

జిమ్‌తో పోయినా బాగుండేది. మా అన్నయ్య కొడుకు కొత్తగా ఉద్యోగంలో చేరితే, మొదటిరోజు ట్రైనింగ్‌లో తెరమీద ఆ పొట్టే ప్రత్యక్షమైందట. ‘మూడొందల మంది లక్షల సైన్యాన్ని ఆపారు. మీరు పన్నెండుమంది ఉన్నారు, ఆదివారంలోగా ఈ పని అవదా?’ అని అడిగాడట ట్రైనరు. మావాడు తలూపి వచ్చాడు. లెక్క అడిగి రావాల్సింది.

లెక్క ఇదీ. క్రీ.పూ. 480లో థర్మోపైలే కనుమలో పర్షియా చక్రవర్తి జెర్క్సెస్‌కి అడ్డం నిలిచిన గ్రీకులు దాదాపు 7,000 మంది. కొండదారి గుట్టు శత్రువుకి తెలిసిపోయాక చాలామంది వెనక్కి మళ్లారు. స్పార్టా రాజు లియోనిడాస్‌తో చివరిదాకా ఉన్నవాళ్లలో అతని 300 మందే కాదు, థెస్పియా అనే చిన్న ఊరివాళ్లు 700 మంది ఉన్నారు. స్పార్టావాళ్లలా ఏడేళ్ల వయసు నుంచీ యుద్ధం కోసమే పెంచిన పిల్లలు కారు వీళ్లు. వెళ్లిపోయే వీలున్నా వెళ్లలేదు. ఆ తర్వాత జెర్క్సెస్ వాళ్ల ఊరిని తగలబెట్టాడు కూడా. హాలీవుడ్ వాళ్లేమో సినిమాకి ‘300’ అని పేరు పెట్టుకున్నారు. ‘1,000’ అంటే పోస్టరు మీద నప్పదు కాబోలు.

వీళ్లు కాక హెలట్లు. స్పార్టావాడి పొలం దున్నేదీ, యుద్ధంలో వెంట నడిచి సామాను మోసేదీ ఈ కట్టుబానిసలే. థర్మోపైలేలో వీళ్ల శవాలూ పడి ఉన్నాయని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఎన్నో మాత్రం రాయలేదు. జెర్క్సెస్ వెంట వచ్చిన జనాన్ని 52,83,220 అని, చివరి ఇరవైమందితో సహా లెక్కగట్టిన మహానుభావుడాయన! మరుసటి ఏడు ప్లాటియా యుద్ధానికి 5,000 మంది స్పార్టా పౌరులు వెళ్తే, ఒక్కొక్కరికీ ఏడుగురు హెలట్ల చొప్పున నడిచారనీ ఆయనే చెప్పాడు. వెళ్లింది యుద్ధానికా, పెళ్లికా?

పైగా స్పార్టావాళ్లు భయమెరగనివాళ్లట. వాళ్ల భయం ఇంట్లోనే ఉండేది. ఎఫోర్లు అనే అధికారులు ఏటా పదవిలోకి రాగానే తమ హెలట్ల మీదే యుద్ధం ప్రకటించేవారు, ఎవణ్ణి చంపినా పాపం అంటకుండా. ఇంకో గ్రీకు చరిత్రకారుడు థూసిడిడీస్ చెప్పిన సంగతి ఇంకా ఘోరం. యుద్ధాల్లో మా తరఫున బాగా పోరాడామనుకునే హెలట్లు ముందుకు రండి, స్వేచ్ఛ ఇస్తామని చాటారు. వచ్చినవాళ్లలో 2,000 మందిని ఎంచారు. వాళ్లు తలలకి పూలదండలు చుట్టుకుని గుళ్ల చుట్టూ తిరిగారు. కొద్దిరోజులకి వాళ్లలో ఒక్కడూ లేడు. ఎవరు ఎలా పోయారో బయటికి పొక్కలేదు. తెగించి ముందుకొచ్చినవాడే రేపు తిరగబడతాడని దొరల లెక్క. ఆ ట్రైనరు ఈ కథ చెప్పి, ‘మీలో బాగా పనిచేసేవాళ్లు చేతులెత్తండి’ అనమనండి, చూద్దాం.

మన హాస్టల్ మెస్‌లో బిల్లు కట్టకపోతే పేరు నోటీసుబోర్డెక్కుతుంది. స్పార్టాలో అయితే మెస్‌కి నెలనెలా బార్లీ, ద్రాక్షసారా ఇచ్చుకోలేనివాడికి పౌరసత్వమే పోయేది. అలా పోగా పోగా, తన కాలానికి వెయ్యిమంది పౌరులు కూడా మిగల్లేదన్నాడు అరిస్టాటిల్. ఎంత వీరుడైనా మెస్ బిల్లు ముందు చిత్తే.

క్రీ.పూ. 425లో ఏథెన్స్‌తో యుద్ధంలో, స్ఫాక్టీరియా దీవిలో స్పార్టా తరఫువాళ్లు 292 మంది శత్రువుకి ప్రాణాలతో దొరికారు. అందులో సుమారు 120 మంది అసలుసిసలు స్పార్టా పౌరులు. డాళ్లు దించి లొంగిపోయారు. తప్పేం లేదు, నేనైతే మొదటిరోజే దించేవాణ్ణి. కానీ ఆ బొమ్మ ఏ జిమ్ గోడ మీదా చూడలేదు.

రోమన్ల కాలానికి స్పార్టాకి మిగిలింది పేరొక్కటే. దాన్నే అమ్ముకుంది. ఆర్టెమిస్ ఆర్థియా గుడి ముందు కుర్రాళ్లని కొరడాలతో నెత్తురొచ్చేలా కొట్టే తంతు ఒకటి ఉండేది. చూడ్డానికి పరాయి ఊళ్ల నుంచి జనం వస్తుంటే, వాళ్లు కూర్చోడానికి మెట్లు కూడా కట్టించారు. మా జిమ్ గోడమీది బొమ్మకి ముత్తాత ఈ ప్రదర్శనే.

లియోనిడాస్ తెగువని కాదనను. నిలబడ్డాడు, చచ్చిపోయాడు. థర్మోపైలేలో అతని కంచు విగ్రహం 1955లోనే వెలిసింది. పక్కన చచ్చిపోయిన 700 మంది థెస్పియావాళ్లకి స్మారకం 1997లో కట్టారు. ఆ స్మారకంలోని విగ్రహానికి తల లేదు.