గర్భం జబ్బు కాదుగా, అమ్మా!

మాదాపూర్ అద్దాల మేడల్లో ఓ కొత్త వైద్యశాస్త్రం పుట్టింది. కనిపెట్టింది డాక్టర్లు కాదు, హెచ్చార్ వాళ్లు. సూత్రాలు రెండే. గర్భం జబ్బు కాదు కనుక సిక్ లీవు కుదరదు. షుగరు గర్భంతో వచ్చింది కనుక అది ప్రసూతి సెలవు ఖాతా, దానికింకా టైముంది. రెండు గదులకూ నడుమ గడప మీద, ఆరో నెల కడుపుతో అమ్మాయి నిలబడి ఉంటుంది. త్రిశంకుడికి విశ్వామిత్రుడి సిఫార్సయినా ఉండేది. ఈమెకున్నది డాక్టరు చీటీ.

లెక్క చూడండి. షుగరు పరీక్ష తొలి చెకప్పులో ఒకసారి, 24–28 వారాల మధ్య మరోసారి చేయాలని కేంద్ర ఆరోగ్యశాఖ చెబుతోంది. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగించి, రెండు గంటలాగి రక్తం చూస్తారు. 140 వస్తే ఉన్నట్టే. కాన్పుకు ముందు తీసుకోగల ప్రసూతి సెలవేమో మహా అయితే 8 వారాలు, అంటే 32వ వారం దాకా ఆగాలి. ఈలోగా మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను పని చేయనివ్వవు. పాపం, వాటికి లీవు పాలసీ ఎవరూ మెయిల్ చేసినట్టు లేరు.

తమాషా ఏమిటంటే, ఈ గడప మీద కుర్చీ వేయాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టానికే తోచింది. గర్భం వల్ల జబ్బు చేస్తే, రుజువు చూపిన మనిషికి ప్రసూతి సెలవు కాక మరో నెల దాకా జీతంతో సెలవివ్వాలంది. 2017లో వచ్చిన 26 వారాలు మాత్రం హెచ్చార్‌కు కంఠతా వచ్చు. ఈ నెల దగ్గరికొచ్చేసరికి గొంతు పూడుకుపోతుంది.

ఇన్సులిన్ వేసుకున్న మనిషి వేళకు తినాలి. మీటింగు సరిగ్గా ఒంటిగంటకే పెడతారు. "ఇంకో ఐదు నిమిషాలు" రెండున్నర దాకా సాగుతుంది. ఆమెకు చెమటలు పట్టి చేతులు వణుకుతుంటే బాసుగారు ఆప్యాయంగా, "టెన్షన్ పడకమ్మా, డెమో బాగానే వచ్చింది" అంటారు. తిన్న రెండు గంటలకు వేలు గుచ్చుకుని చూసుకోవాలి, 120 లోపు ఉండాలి. అందుకు సీటు వదిలితే ఎక్కడికని అడుగుతారు. సిగరెట్టుకు రోజుకు ఆరుసార్లు కిందికి దిగేవాళ్లను అడిగినట్టు నేనైతే వినలేదు.

"మా అమ్మ నొప్పులొచ్చేదాకా నాట్లేసింది" అని ఒకాయన సెలవిచ్చాడు. వేసే ఉంటుంది. ఆ పూట మానేస్తే ఆ పూట కూలి లేదు. దాన్నే ఇప్పుడు వీళ్లు ‘లాస్ ఆఫ్ పే’ అంటున్నారు.

అలాగని ఆఫీసుకు ప్రేమ లేదనుకోకండి. ఏడో నెలలో సీమంతం చేశారు. గాజులు, బూందీ లడ్లు, మూడంతస్తుల కేకు. "ఒక్క ముక్కకేం కాదు" అని నోట్లో కుక్కి ఫొటో తీసి, కంపెనీ పేజీలో పెట్టారు. మర్నాడు షుగరు డాక్టరు దగ్గరికి వెళ్లాలని ఆమె పూట సెలవడిగింది. జవాబు వెంటనే వచ్చింది, ఆ ఫొటో జతచేసి: "నిన్న కేకు తిన్నారుగా?"