ఒక ఇన్‌స్టాల్ వాక్యానికి టీకా, తాత్పర్యం

మూలం:
సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్

అవతారిక: ప్రోగ్రాము రాసిన కవి దాన్ని కంపైలు చేసుకోబోయే వారికి రీడ్‌మీ అను గ్రంథంలో చేసిన ఉపదేశమిది. కవిది ఉబుంటు దేశమో, డెబియన్ దేశమో. లోకమంతా తన దేశమేనని నమ్మినవాడు.

ప్రతిపదార్థం: ఆప్ట్ = ఓ ఆప్టూ; సుడో = సర్వాధికారియైన రూట్ పేరు మీద; లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ = ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అను లైబ్రరీ యొక్క; డెవ్ = కంపైలు చేయువారికి కావలసిన హెడర్ ఫైళ్లను; ఇన్‌స్టాల్ = స్థాపింపుము. డెవ్ అనగా దేవుడని ఒకరి వ్యాఖ్య. ఆ ఘట్టంలో దేవుణ్ణి తలచుకోవడం సహజమే గానీ, వ్యాకరణం ఒప్పదు.

పాఠాంతరాలు: ఫెడోరా ప్రతుల్లో 'ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవెల్'. ఆల్పైన్ ప్రతుల్లో 'ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్': ప్రకృతి ఫెడోరాది, ప్రత్యయం డెబియన్‌ది. ఆర్చ్ ప్రతుల్లో ఉత్త 'ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్'. హెడర్లను విడిగా కట్టే ఆచారం అక్కడ లేదు కనుక ప్రత్యయం లోపించింది. సంబోధనలూ వేరే: డిఎన్‌ఎఫ్, ఏపీకే, ప్యాక్‌మన్. వీటిని లేఖక దోషాలనరాదు; ఏ ఇంటి పాఠం ఆ ఇంటి వ్యాకరణానికి శుద్ధం. అపాచీ వెబ్ సర్వరునే చూడండి. డెబియన్‌లో దాని పేరు అపాచీ2, ఇన్‌స్టాలైన మరుక్షణం కొలువులో కూర్చుంటుంది. ఫెడోరాలో అదే హెచ్‌టిటిపిడి, ఆజ్ఞాపిస్తే గాని లేవదు. పేరు మార్చి ఊరుకున్న ప్యాకేజీ ఇక్కడ బోర్లా పడుతుంది.

శంక: అందరికీ ఒకే పాఠం నిర్ణయించరాదా?

సమాధానం: నిర్ణయించారు. 2001లో వెలువడిన లినక్స్ స్టాండర్డ్ బేస్ ఆర్‌పిఎం కట్టనే ప్రమాణమంది. డెబియన్ వారు ఏలియన్ అనే దుబాసీ చేత ఆర్‌పిఎంను డెబ్‌గా చెప్పించుకుని కొన్నేళ్లు మర్యాద పాటించారు. 2015లో దానికీ స్వస్తి పలికారు. పెట్టె ఆకారాన్ని నిర్ణయించగలిగారు గానీ, లోపలి పేర్లూ దారులూ ఎవరివి వారివే.

వ్యంగ్యార్థం: పేర్లన్నీ సరిదిద్దినా కావ్యం నడవకపోవచ్చు. ఉబుంటు 22.04లో కంపైలు చేసిన నాలుగు పంక్తుల సి ప్రోగ్రామును 20.04లోకి తీసుకెళ్లండి, 'గ్లిబ్‌సి_2.34 దొరకలేదు' అంటుంది. మొదటిదానిలో ఉన్న సి లైబ్రరీ గ్లిబ్‌సి 2.35, రెండోదానిలో 2.31. మీరు కొత్త ఫంక్షనేదీ పిలవలేదు, నిజమే. కానీ మెయిన్‌లోకి అడుగుపెట్టే ముందు ప్రతి ప్రోగ్రామూ దాటే గడప ఒకటుంది. 2021లో వచ్చిన 2.34 ఆ గడపకే కొత్త వెర్షను ముద్ర వేసింది. పాతచోట కట్టింది కొత్తచోట సాధారణంగా నడుస్తుంది, కొత్తచోట కట్టింది పాతచోట నడుస్తుందన్న హామీ లేదు. అందుకే పెద్దలు వీలైనంత ముసలి సిస్టం వెతికి అందులో కంపైలు చేస్తారు. ఆల్పైన్‌కు ఈ ఉపాయమూ పారదు. అక్కడ ఉన్నది గ్లిబ్‌సి కాదు, మసల్ అనే మరో సి లైబ్రరీ.

అలంకారం: విరోధాభాసం. '1.0~ఆర్‌సి1' అన్నది '1.0' కంటే చిన్నది. అక్షరాలు చేర్చినకొద్దీ తరిగే పదం ఇంకెక్కడుంది? టిల్డే మహిమ అది. డెబ్, ఆర్‌పిఎం వారు ఏకీభవించిన కొద్ది విషయాల్లో ఇదొకటి.

నవ్యుల మతం: స్నాప్, ఫ్లాట్‌ప్యాక్, యాప్‌ఇమేజ్ వారు పాఠభేదాల జోలికే పోరు, కావలసిన సరంజామాలో చాలావరకు వెంటే మోసుకొస్తారు. సుఖమే. అయితే 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడ్డప్పుడు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీ ఒక్కటి మార్చి సర్వీసులను మళ్లీ లేపితే దాన్ని పంచుకునే ప్రోగ్రాములన్నీ బాగుపడ్డాయి. సొంత ప్రతిని కడుపులో దాచుకున్న మూటను మాత్రం కట్టినవాడే విప్పి మళ్లీ కట్టాలి. కట్టినవాడు ఉద్యోగం మారి ఉంటే ఏమిటన్నది ఆ మతం వారు ఇంకా సరిగా వ్యాఖ్యానించలేదు. ఈ టీకాకారుడికి నచ్చింది ఓపెన్ బిల్డ్ సర్వీస్ దారి: మూలం ఒక్కటే, కట్టేది మాత్రం ఏ డిస్ట్రోకు కావలసింది ఆ డిస్ట్రో వాతావరణంలోనే. ఆర్‌పిఎంకు స్పెక్ ఫైలు ఒకటి, డెబ్‌కు డెబియన్ ఫోల్డరు ఒకటి, రెంటినీ పోషించే ఓపిక ఉండాలి.

నిక్స్‌ఓఎస్ ప్రతిలో లైబ్రరీలు వెతుక్కునే యూఎస్‌ఆర్-లిబ్ అధ్యాయమే లేదు. పోయిందేమో అనుకుని పూరించబోయిన వారున్నారు. పోలేదు, అక్కడి కవి రాయలేదు.