కొండకు నైట్ షిఫ్టు లేదట!

రాత్రి పని ఒంటికి చేటని తేల్చడానికి అరకు కొండల్లో ఇంకో పరిశోధన పోస్టు దేనికని కొందరి సణుగుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఐఏఆర్‌సీ 2007లోనే నైట్ షిఫ్టును ‘బహుశా క్యాన్సర్ కారకం’ పద్దులో రాసింది, 2019లో మళ్లీ చూసి అదే ఖాయం చేసింది. నిజమే. కానీ ఆ లెక్కల్లో ఎక్కువమంది పాశ్చాత్య దేశాల నర్సులు, కార్మికులు. శాస్త్రానికి కనబడాలంటే ముందు డ్యూటీ రిజిస్టరుకెక్కాలి మరి! కొత్తవలస–కిరండూల్ లైనులో వానాకాలం పట్టాలు కాసే గస్తీవాడికి ఆ భాగ్యమైనా ఉంది. అడవిపందుల నుంచి చోడిచేను కాయడానికి మంచె ఎక్కిన అరకు రైతుది ఏ షిఫ్టు?

కొండగాలికి ఏ రోగమూ రాదంటారా? ఒంట్లోని గడియారం (2017 నోబెల్ దాని గుట్టు విప్పినందుకే) గాలిని కాదు, వెలుతురును చూసి నడుస్తుంది. మంచె మీద బల్బు లేదుగా అంటే, అది గట్టి ప్రశ్నే. బల్బుల కింద జాగారం, చీకట్లో జాగారం ఒకే చేటు చేస్తాయా? ఆస్పత్రి వార్డులో తేలని ఈ సంగతి ఇక్కడ తేలొచ్చు. కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం విజయనగరం జిల్లాలోనే ఉంది, పోస్టు వేయొచ్చు. షరతొక్కటే: సర్వే జీపు సాయంత్రం ఐదింటికే ఘాట్ దిగిపోకూడదు.