సెల్లార్ మెకానిక్

ప్రగతి నగర్‌లో ప్రతి అపార్టుమెంటుకూ ఒక వాచ్‌మన్, ఒక బోరు, ఒక సెల్లార్ మెకానిక్ ఉంటారు. ఈ మూడోవాడు వారమంతా హైటెక్ సిటీలో కోడ్ రాస్తాడు. శనివారం పొద్దున్నే పాత దుప్పటి పరిచి కారు కింద దూరతాడు. చేతికి మసి అంటితే చాలు, జీతం పడినరోజు కూడా లేని వెలుగు మొహంలోకి వస్తుంది.

మావాడిది సెకండ్ హ్యాండ్ పోలో జీటీ. వెనక డ్రమ్ బ్రేకులు, డిక్కీలో అత్తగారు పంపిన బియ్యం బస్తా. అయినా అది స్పోర్ట్స్ కారే! 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ రేసు చూసొచ్చాక జబ్బు ముదిరింది.

“బ్రేక్ ఆయిల్ మారుస్తున్నావటగా?” అన్నాను లిఫ్టులో.

“ఆయిల్ కాదండీ, ఫ్లూయిడ్” అని మొదలుపెట్టాడు. మూత పెట్టని డబ్బాలో అప్పడంలా అది తేమ పీల్చుకుంటుందట. కొత్త డాట్ 4 రకం ఫ్లూయిడ్ అయితే 230 డిగ్రీల దాకా మరగదు. అందులో నాలుగు శాతం లోపు నీళ్లు చేరినా 155కే మరిగిపోవచ్చు. మరిగితే ఆవిరి, ఆవిరైతే పెడల్ దూదిలా దిగిపోతుంది, కారు మాత్రం ఆగదు. అందుకే రెండేళ్లకోసారి మార్చాలి. అన్నీ నిజాలే. కాకపోతే జేఎన్‌టీయూ జంక్షన్‌లో ఉడికేది మనుషులు, బ్రేకులు కావు. ఆ మాట పైకి అనలేదు, మనసు కష్టపెట్టుకుంటాడు.

ఆ శనివారం భార్యను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాడు. వెనక ఎడమ చక్రం దగ్గర తను పడుకున్నాడు. పాత ఫ్లూయిడ్ బయటికి తీసే ఈ పనిని బ్లీడింగ్ అంటారట. అది వచ్చే నిపుల్‌కు తగిలించిన ట్యూబు కొడుకు చేపల తొట్టిలోది.

“తొక్కు!”

“తొక్కానండీ.”

“పట్టుకో! నేను బిగించేదాకా వదలకు!”

“పొయ్యి మీద పాలున్నాయండీ!”

ఆఫీసులో ఈయన మాట వినేవాళ్లు లేరు. ఇక్కడ ఒక్కరున్నారు, ఆవిడకూ పాలు పొంగుతున్నాయి. ఇంతలో భీమవరం నుంచి అత్తగారి ఫోను. “ఆయన కింద బ్లీడింగ్‌లో ఉన్నారమ్మా, పొద్దుట్నుంచి ఆగట్లేదు” అంది ఆవిడ. అవతల ఏడుపు. అది కారుకేనని నమ్మించేసరికి పావుగంట పట్టింది. ఈయన మాత్రం ఖాళీగా ఉండలేక, పెడల్ కోసం వాచ్‌మన్‌ను కూర్చోబెట్టి కానిచ్చాడు. పైన ట్యాంకులో ఫ్లూయిడ్ అయిపోయిన సంగతి ఎవరూ చూడలేదు. లైన్లోకి గాలి చేరింది. మళ్లీ మొదటికొచ్చింది కథ.

“డాడీ, చేపలకు గాలి రావట్లేదు” అంటూ కొడుకు దిగొచ్చాడు. చేపలకు గాలి రాదు, బ్రేకుల్లో గాలి పోదు.

కంగారులో సీసా తన్నాడు. ఫ్లూయిడ్ చింది పక్కనున్న అసోసియేషన్ సెక్రటరీ గారి స్కూటర్ మీద పడింది. వెంటనే నీళ్లు కుమ్మరిస్తే పోయేది. ఈయన పొడిగుడ్డతో తీరిగ్గా తుడిచాడు. గుడ్డతోపాటు రంగూ వచ్చింది.

సోమవారం కారును బండికి కట్టి గ్యారేజీకి లాక్కెళ్లారు. ఈయన క్యాబ్‌లో ఆఫీసుకెళ్లాడు. స్కూటర్‌కు రంగు ఖర్చు సెల్లార్ మెకానిక్‌దే.

వచ్చే శనివారం క్లచ్ చూస్తాడట. మీ సెల్లార్‌లోనూ పాత దుప్పటి పరిచి కనిపిస్తే, ముందు మీ బండి తీసి రోడ్డు మీద పెట్టుకోండి.