గడ్డను ముదరబెట్టడం ఎలా?

చంకలోనో గజ్జల్లోనో ఓ గడ్డ లేస్తుంది. సలుపుతుంది, చితుకుతుంది, మానుతుంది. నెలో రెణ్ణెల్లో గడిచాక మళ్లీ అక్కడే లేస్తుంది. దీన్ని డాక్టర్లు హైడ్రాడెనైటిస్ సప్పురటైవా అంటారు. వెంట్రుక కుదురు మూతి పూడుకుపోయి, లోలోపల ఉబ్బి, చర్మం అడుగునే పగలడంతో మొదలయ్యే జబ్బు. హర్లీ అనే చర్మవైద్యుడు 1989లో దీనికి మూడు దశలు నిర్ణయించాడు. మొదటి దశలోనే వైద్యం చేయించుకుని అక్కడితో ఆగిపోయే పిరికివాళ్లు కొందరుంటారు. వాళ్లను వదిలేయండి. మూడో దశ చూసి తీరాలన్న పట్టుదల ఉన్నవాళ్లకే ఈ చిట్కాలు.

మొదటి దశలో (విడివిడి గడ్డలు, మచ్చలూ, చర్మం కింద సొరంగాలూ ఇంకా లేవు)

1. ఎవరికీ చెప్పకండి. ఈ జబ్బు సాధారణంగా యుక్తవయసు దాటాక, పెళ్లి సంబంధాలు చూసే వయసులోనే మొదలవుతుంది. పరువు ముఖ్యం. అమ్మకు కూడా తెలియనివ్వకండి. వంశంలో ఇంకెవరికైనా ఉందేమోనని అడగకండి. రోగుల్లో సుమారు మూడోవంతు మంది ఇళ్లలో ఇంకొకరికీ ఉంటుంది. అడిగితే ఆ రహస్యం బయటపడిపోతుంది.

2. నెపం వేడి మీదికి నెట్టండి. ఎండాకాలమైతే మామిడిపళ్లు, మిగతా కాలాల్లో కోడికూర. సబ్జా నీళ్లు తాగుతూ కూర్చోండి.

3. సున్నం, బెల్లం కలిపి పట్టు వేయండి. చర్మం కాలితే మందు పని చేస్తోందని సంతోషించండి.

4. శుభ్రత చాలకే వచ్చిందని నమ్మి, పీచుతో రక్తం వచ్చేదాకా రుద్దండి. మురికికీ దీనికీ సంబంధం లేదు, కానీ ఒరుసుకున్నకొద్దీ కుదుళ్లు ఇంకా రేగుతాయి. బిగుతు బట్టలు వేసుకుంటే ఆ పని రోజంతా సాగుతుంది.

5. లెక్క పెట్టుకోకండి. చంక, గజ్జ వంటి చోట్ల ఆరు నెలల్లో రెండుసార్లు ఇలాంటి గడ్డలు లేచాయంటే చాలు, స్కానింగులేమీ లేకుండానే చర్మవైద్యులు జబ్బు పేరు చెప్పేస్తారు. అందుకే లేచిన ప్రతి గడ్డా కొత్తదే అనుకోండి.

రెండో దశకు (మచ్చలు, సొరంగాలు మొదలు)

6. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చుకోండి. మూడో రోజుకు నొప్పి తగ్గగానే మిగతా బిళ్లలు డబ్బాలో దాచుకోండి. ఈ జబ్బుకు వారాల తరబడి వాడే కోర్సులున్నాయని ఎవరైనా అంటే వినకండి.

7. లేచినప్పుడల్లా ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి కోయించుకోండి. చీము పోతుంది, ప్రాణం లేచొస్తుంది. లోపలి సంచీ మాత్రం ఉండిపోతుంది కాబట్టి గడ్డ దాదాపు తప్పకుండా తిరిగొస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఓ మచ్చ మిగులుతుంది, చర్మం కింద దారి తవ్వుకుంటుంది.

8. సిగరెట్ మానకండి, బరువు తగ్గకండి. ఈ రెండూ జబ్బుకు బలమైన తోడు. చర్మానికీ సిగరెట్‌కూ ఏం సంబంధమని డాక్టర్‌నే నిలదీయండి.

మూడో దశ (గమ్యం)

9. ఇప్పుడు సొరంగాలు ఒకదానితో ఒకటి కలిసి, చంక మొత్తం పందికొక్కులు తవ్విన పొలంగట్టులా అవుతుంది. చెయ్యి పైకెత్తలేరు. చొక్కా తడుస్తుంది, వాసన వస్తుంది. పనికి సెలవు పెట్టి ఇంట్లో కూర్చోండి. అంటువ్యాధి అని ఇరుగుపొరుగు అంటే తలవంచుకోండి. అది అంటుకోదని మాత్రం చెప్పకండి.

10. జబ్బు పేరు తెలిసేసరికి సగటున ఏడేళ్లు పడుతోందని అంతర్జాతీయ అధ్యయనమొకటి తేల్చింది. ఆ రికార్డు బద్దలు కొట్టాకే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పెద్ద ఆపరేషన్ చేసి చర్మం తీసేయాలంటే, ఇంత చిన్న గడ్డకు అంత కోతా అని తగువు పెట్టుకోండి. ఏళ్ల తరబడి మానని పుండులో అరుదుగా క్యాన్సర్ కూడా వస్తుందని చెబితే, బెదిరిస్తున్నారని వచ్చేయండి.

పట్టుదల లేనివాళ్లకు ఒక మాట

గడ్డ రెండోసారి అదే చోట లేచిందా? నేరుగా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. మొదటి దశలో చాలామందికి పూత మందులూ, బిళ్లలూ సరిపోతాయి. సొరంగం పడితే దాని పైకప్పు తెరిచి శుభ్రం చేసే చిన్న ఆపరేషన్ ఉంది. ముదిరినవాళ్లకు అడాలిముమాబ్ వంటి ఇంజెక్షన్లున్నాయి, అమెరికాలో 2015లోనే ఈ జబ్బుకు దాన్ని అనుమతించారు. పూర్తిగా పోయే జబ్బు కాకపోయినా, అదుపులో ఉంటుంది. కాకపోతే లోపల ఏర్పడిన మచ్చనూ, సొరంగాన్నీ ఏ బిళ్లా వెనక్కి తీసుకెళ్లలేదు. కాబట్టి సిగ్గుపడుతూ గడిపే నెలలే అన్నిటికంటే ఖరీదైనవి. చంక చూపించడానికి సిగ్గుపడకండి, డాక్టర్లు రోజూ చూసేదే.