చక్రబంధానికి టీకా

మూలం:

కాలు తీయగానె కట్టు వీడవలెను
వీడకున్న చక్రమేడ తిరుగు
ఉప్పుగాలి తగిలి తుప్పెక్కె పిన్నులు
చవక ప్యాడు బిగిసె సారు చూడు

అవతారిక: ఆధారం లేకుండా రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ టీకాకారుడు కొలచల మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. మొదటిదానికి నేనూ కట్టుబడతాను. రెండోదానికి మాటివ్వలేను. నెల్లూరు ఆటోనగరులో నా కారు ఎడమ ముందుచక్రం దగ్గర గొంతుకూర్చుని ఒక మెకానిక్ చెప్పిన మాటలివి. ఆయన చెప్పింది వచనమే, ఆటవెలది నాది. అంతకు పది రోజుల ముందు వేరే చోట ముందు బ్రేకు ప్యాడ్లు మార్పించాను. కంపెనీవి కాదు, సగం ధరవి. ఆదివారం మైపాడు సముద్రానికి పోయి వస్తుంటే ఇందుకూరుపేట దగ్గర బండి బరువెక్కింది. యాక్సిలరేటరు వదిలితే వెనక నుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగినట్టు ఆగిపోతోంది. మాడువాసన. రొయ్యల చెరువులనుకున్నాను. రొయ్య అట్లా మాడదని మా ఆవిడ అంది. దిగి నాలుగు చుక్కల నీళ్లు చిలకరిస్తే ఎడమ చక్రం చుయ్‌మంది, కుడిది ఊరుకుంది.

ప్రతిపదార్థం: కాలు = బ్రేకు పెడలు మీది పాదం. తీయగానె = ఎత్తిన తక్షణమే. ఈ ‘ఏ’ అవధారణార్థకం. ఇంటికి చేరాక అని కాదు. కట్టు = డిస్కు మీద ప్యాడ్ల పట్టు. వీడవలెను = విధ్యర్థకం. ఎవరికి విధి? ప్యాడును నొక్కే పిస్టన్ చుట్టూ ఉండే చదరపు అంచు రబ్బరు రింగుకి. పిస్టన్ ముందుకు జరిగేటప్పుడు అది మెలికపడుతుంది, కాలు తీయగానే మెలిక విప్పుకుంటూ పిస్టన్‌ను వెనక్కి లాగుతుంది. ఆ లాగుడు అరమిల్లీమీటరుకు లోపే. వేరే స్ప్రింగూ లేదు, మంత్రమూ లేదు. ఏడ = ఎక్కడ. నెల్లూరు నోట ఇది ‘యాడ’ కావాలిగానీ, ‘చక్రమ్యాడ’ అంటే నాలుక కూడా పట్టేస్తుంది. పిన్నులు = పిస్టన్‌ను మోసే క్యాలిపర్ ముందుకూ వెనక్కూ జారడానికి ఉన్న రెండు కడ్డీలు. సారు చూడు = గౌరవమూ ఏకవచనమూ ఒకే నోట వచ్చాయి; మా వైపు దీన్ని ఎవరూ తప్పుపట్టరు.

‘తిరుగు’, ‘ఉప్పు’ మధ్య సంధి చేయలేదేమని వైయాకరణులు అడగవచ్చు. అంటుకోకూడనివి అంటుకున్నందుకే కదా ఈ గోలంతా!

పూర్వపక్షం: షెడ్డులో ముగ్గురు మూడు మతాలు చెప్పారు. పిస్టన్ పట్టేసిందని ఒకరు. రబ్బరు హోసు లోపల ఉబ్బి, పోయిన ద్రవాన్ని తిరిగి రానివ్వడం లేదని ఒకరు. మాస్టర్ సిలిండరు అని మూడోవారు. మూడోమతం నిలవదు. దోషం అక్కడుంటే సాధారణంగా ఒక్క చక్రంతో ఆగదు, నాకు ఎడమదొక్కటే కాలింది.

సిద్ధాంతం: మన మెకానిక్ ఎవరికీ జవాబు చెప్పలేదు. జాకీ ఎత్తి చక్రాన్ని చేత్తో తిప్పాడు, తిరగలేదు. క్యాలిపర్ వెనక ఉన్న బ్లీడింగు నిప్పిల్ అరచుట్టు వదులు చేశాడు. నాలుగు చుక్కల ద్రవం కారింది. మళ్లీ తిప్పాడు, చక్రం అట్లాగే ఉంది. తర్కమంటే ఇదీ. నిప్పిల్ వదిలితే చక్రం వదిలిందా, లోపల ఒత్తిడి చిక్కుకుందన్నమాట, హోసుని పట్టుకోవచ్చు. వదల్లేదా, దోషం ఇనుములో ఉంది. పిస్టన్‌ను క్లాంపుతో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. మొదటి మతమూ పోయింది.

మిగిలింది చవక ప్యాడు. చేత్తో రావాల్సింది సుత్తి దెబ్బకు వచ్చింది. దాని రెండు కొసల్లో బ్రాకెట్టు గాడిలో కూర్చునే చెవులుంటాయి. వాటి మీద నల్లరంగు వెన్న పూసినట్టు మందంగా ఉంది. గాడిలో జారాల్సిన చెవి మేకు దిగినట్టు దిగింది. లోపలి ప్యాడు మాడి అద్దంలా మెరుస్తోంది, బయటిది నిన్న కొన్నట్టుంది. ఎందుకంటే కింది పిన్ను రాలేదు. స్పానరుతో అటూ ఇటూ తిప్పగా తిప్పగా వచ్చింది, ఒళ్లంతా ఇటుకపొడి రంగు ముద్ద. చిరిగిన రబ్బరు తొడుగులోంచి సముద్రపు గాలి ఎన్నాళ్లుగా పోతోందో! పైపిన్నుకి ఎవరో మామూలు గ్రీజు రాశారు. పెట్రోలియం గ్రీజుకి ఆ రబ్బరు ఉబ్బుతుంది. అక్కడ సిలికాన్ గ్రీజే రాయాలి.

“కారు మీరు తోలలేదు సార్, ఈడ్చుకొచ్చినారు” అన్నాడు. ఇది మూలంలో లేదు. ఛందస్సులో ఇమడలేదు.

విశేషం: చక్రం పట్టేయడం మన సాహిత్యానికి కొత్త కాదు. తిక్కన విరాటపర్వం మొదలు తెనిగించిన 15 పర్వాల్లో కర్ణపర్వమూ ఉంది. అయితే అక్కడ కర్ణుడి రథచక్రాన్ని భూమి మింగింది, దీన్ని క్యాలిపర్ పట్టింది. కర్ణుడు దిగి ఎత్తబోయాడు. నేను దిగి నీళ్లు చల్లి మళ్లీ ఎక్కి తోలాను, అదే తప్పు. డాట్ 4 రకం బ్రేకు ద్రవం కొత్తగా ఉంటే 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి దిగవచ్చు. మరిగితే ఆవిరి. ఆవిరి మీద కాలు పెడితే పెడలు నేలకు తగులుతుంది, బండి మాత్రం ఆగదు.

తాత్పర్యం: గాడి తోమి, పిన్ను, తొడుగు కొత్తవి వేసి, మాడిన ప్యాడ్లను జతలుగా రెండువైపులా మార్చాలి. ఈసారి పెట్టె మీది ధర చూసి కాదు, గాడిలో చేత్తో జార్చి చూసి కొనాలి. ఇది ఎడమ చక్రానికి. కుడి చక్రానికి వేరే పద్యం లేదు, దీన్నే మళ్లీ మొదటినుంచి చదువుకోవాలి.